బస్సు – ఒక చతుర్థీ విభక్తి

బస్సు ప్రయాణాల ముచ్చట్లు వ్రాయడం మనవాళ్ళకు ఎంతో ఇష్టమైన పని. కిటికీ పక్క సీటు కోసం బయటినుంచే తువ్వాలు విసరడం, ఎర్రబస్సు వెనుక లేచే దుమ్ము, కండక్టరు చెవిమీది పెన్ను, చిల్లర లేక టిక్కెట్టు వెనుక వ్రాసి ఇచ్చిన బాకీ – ఇవన్నీ చదువుతుంటే నాకూ ప్రాణం లేచి వస్తుంది. కాని ఇంత మురిపెంగా వ్రాసేవారిలో ఒక్కరైనా "ఆ బస్సు ఇప్పటికీ ఆ ఊరికి వస్తున్నదా?" అని అడిగినట్లు నేను చూడలేదు. జ్ఞాపకానికి బస్సు అక్కరలేదు. ఊరికి కావాలి.

ఈ టపా ఆ ప్రశ్న కోసమే వ్రాస్తున్నాను. కొంచెం కటువుగా ఉంటుంది. ఇందులో నా తప్పు కూడా ఉన్నది. దాని చోటు వచ్చినప్పుడు దాచకుండా చెబుతాను.

తెలుగు పండితుణ్ణి కనుక మాటతోనే మొదలుపెడతాను. "బస్సు" అనే మాటకు మూలం "ఆమ్నిబస్" అనే లాటిన్ పదం. "అందరి కొరకు" అని దాని అర్థం. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులో ఎవరైనా డబ్బిచ్చి ఎక్కదగిన గుర్రపు బండ్లకు ఆ పేరు వచ్చింది. తరువాత ఇంగ్లీషువారు తల నరికి తోక ఉంచుకున్నారు. ఆ తోక "బస్". వ్యాకరణరీత్యా అది మాటే కాదు, బహువచనంలో చేరే చతుర్థీ విభక్తి ప్రత్యయం. మన భాషలో చెప్పాలంటే "కొఱకు". దానికి మనం ఉకారం తగిలించి "బస్సు" చేసుకున్నాము. ప్రకృతి పోయి ప్రత్యయం మాత్రమే మిగిలి, అదే నామవాచకమై రోడ్డు మీద తిరుగుతున్న విడ్డూరం ఇది.

విభక్తులు చెప్పేటప్పుడు ప్రతి సంవత్సరమూ ఈ ముచ్చట పిల్లలకు చెప్పేవాణ్ణి. "ఈ వేళ నేను కొఱకు ఎక్కి బడికి వచ్చాను" అనేవాణ్ణి. తరగతి అంతా గొల్లున నవ్వేది. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావడం లేదు. మాటలోనుంచి "అందరు" ఎన్నడో జారిపోయారు. ఇప్పుడు బండిలోనుంచి కూడా ఒక్కొక్కరే జారిపోతున్నారు.

"అందరి కొరకు" అన్నది కవుల అతిశయోక్తి కాదు, మన చట్టం కూడా ఇంచుమించు ఆ మాటే అన్నది. నిజాం రాజ్యంలో 1932లో రైల్వేశాఖ ఆధ్వర్యాన 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైన రవాణా, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1958 జనవరి 11న రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా అవతరించింది. దానికి ఆధారం 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం. ఆ చట్టపు 18వ విభాగం సమర్థమైన, చాలినంతటి, పొదుపైన, చక్కగా సమన్వయపరచిన రవాణా సౌకర్యం కల్పించడం సంస్థ విధి అని చెబుతుంది. 22వ విభాగం సంస్థ వ్యాపార సూత్రాల ప్రకారం నడచుకోవాలని చెబుతుంది. రెండూ ఒకే చట్టంలోని వాక్యాలు. రెండిటినీ కలిపి చదివి అన్వయం కుదుర్చుకోవడం పాలకుల పని. కాని పల్లె బస్సు దగ్గరికి వచ్చేసరికి 22 మాత్రమే కంఠస్థం, 18 విస్మృతం. "చాలినంత" అనే విశేషణానికి అర్థం ఏమిటని అడిగేవాడు లేడు.

ఇక్కడ మా కృష్ణాజిల్లా కథ ఒకటి చెప్పాలి. న్యాయశాస్త్రం చదివే పిల్లలందరికీ ఇది తెలుసు. బస్సు ఎక్కేవారికే తెలియదు. 1957లో ఈ జిల్లాలో ప్రైవేటు బస్సుల యజమానులు నడుపుతున్న మార్గాలను సంస్థ చేతికి తీసుకోవాలని పథకం వేశారు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ పథకాన్ని గెజెట్‌లో ప్రకటించి, 30 రోజుల లోపల అభ్యంతరాలు చెప్పుకొనే అవకాశం ఇచ్చి, వాటిని విని, ఆ తరువాతనే ఆమోదించాలి. గెజెట్‌లో ప్రకటించారు, అభ్యంతరాలూ విన్నారు. అయితే విన్నవారు ఒక కార్యదర్శి, ఆమోదించినవారు ముఖ్యమంత్రి. గుల్లపల్లి నాగేశ్వరరావు తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1958 నవంబరు 5న ఆ ఆమోదం చెల్లదని తీర్పు వచ్చింది. ఒకరు విని మరొకరు నిర్ణయిస్తే ఆ వినడం ఉత్త తంతు అవుతుందని అందులోని సారాంశం. ఆ తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన కోకా సుబ్బారావు గారు. 1966లో దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయినవారు. ప్రభుత్వం ఆ లోపం దిద్దుకొని మళ్ళీ విచారణ జరిపింది. కాలక్రమాన ఆ మార్గాలు సంస్థ చేతికి వచ్చాయి. అది వేరే సంగతి.

నాకు కావలసిన సంగతి ఇది. బస్సు యజమాని చేతిలోనుంచి మార్గం తీసుకోవడానికి గెజెట్ ప్రకటన కావాలి, 30 రోజుల గడువు కావాలి, విచారణ కావాలి, విన్నవాడే నిర్ణయించాలి. బాగున్నది, అదే ధర్మం. మరి అదే మార్గాన్ని ఊరి చేతిలోనుంచి తీసుకోవడానికి ఏమి కావాలి? ఏమీ అక్కరలేదు. ఒక రోజు సాయంత్రం బస్సు రాదు. మరునాడూ రాదు. మూడవనాడు జనం అర్థం చేసుకుంటారు. అంతే విచారణ. యజమానికి ఉన్న హక్కులో నూరవ వంతు కూడా ప్రయాణికుడికి లేదు. ఎవరి కొరకు ఆ మార్గాలను స్వాధీనం చేసుకున్నారో వారికే వాటిమీద నోరు లేదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. నేను పనిచేసిన ఊళ్ళలో ఒకదాని కథ చెబుతాను. ఊరి పేరు వ్రాయను, డిపో పేరు వ్రాయను. ఈ రెండు ఖాళీలలో మీకు తెలిసిన పేర్లు పూరించుకోండి, కథ చెడదు.

పట్టణానికి ఇరవైమూడు కిలోమీటర్ల దూరంలో కాలువ చివర ఉన్న ఊరు అది. నేను 1991లో అక్కడి ఉన్నత పాఠశాలకు బదిలీ అయి వెళ్ళేనాటికి ఊరికి రోజుకు ఐదు ట్రిప్పులు. అందులో ఆఖరిది రాత్రి ఏడున్నరకు పట్టణంలో బయలుదేరి వచ్చి ఊళ్ళోనే పడుకునేది. నైట్ హాల్టు బస్సు అంటారు దానిని. మా బడి ముందర నిద్రగన్నేరు చెట్టు కింద బండి, బడి వరండాలో డ్రైవరు, కండక్టరు. వారికి మంచినీళ్ళ బిందె ఎవరింటినుంచి రావాలో ఊళ్ళో వంతులు ఉండేవి. తెల్లవారి ఐదూ నలభైకి బండి బయలుదేరేది. హారను మోగితే ఊళ్ళో పొయ్యిలు వెలిగేవి. పాలక్యాన్లు, ఆకుకూరల గంపలు, పెద్దాసుపత్రికి పోయే రోగులు, తాపీపనివాళ్ళు, జిల్లా కచేరీకి కాగితం పట్టుకొని పోయే రైతు, కాలేజీ పిల్లలు. అందరికీ అదే బండి.

ఆ బండి ఊళ్ళో పడుకున్నదంటే అర్థం ఏమిటి? అర్ధరాత్రి ఎవరికైనా పురిటినొప్పులు వస్తే ఊళ్ళో నాలుగు చక్రాలు ఉన్నాయని అర్థం. ఒకసారి ఆ డ్రైవరు నిజంగానే బండి తీశాడు. మరునాడు పైవారికి సంజాయిషీ వ్రాయవలసి వచ్చింది. ఆ సంజాయిషీ తెలుగులో నేనే వ్రాసిపెట్టాను. నా జన్మలో అంతకంటే మంచి వ్యాసం వ్రాయలేదు.

ఇక ఆ మార్గం ఎలా చచ్చిపోయిందో చెబుతాను. మార్గాలు ఒక్కసారిగా చావవు. వాటికి ఒక మరణక్రమం ఉన్నది.

మొదట నైట్ హాల్టు పోయింది. సిబ్బంది రాత్రి బయట ఉంటే ఖర్చు ఎక్కువ అన్నారు. దానితో తెల్లవారి బండి ఐదూ నలభైనుంచి ఏడుంబావుకు మారింది. ఏడుంబావుకు వచ్చే బండి పాలవాడికి పనికిరాదు, కూలివాడికి పనికిరాదు. వారు ఆటో కుదుర్చుకున్నారు. తరువాత బండి సమయానికి రావడం మానింది. పట్టణంలో జాతరకో సభకో స్పెషల్ బస్సులు కావలసివస్తే మొదట ఊడదీసేది పల్లె ట్రిప్పులనే. బండి చెడిపోయి డిపోలో ఒకటి తక్కువైతే ఆ తక్కువ పల్లెకే. వారానికి రెండు రోజులు రాని బండిని మిగిలిన ఐదు రోజులూ ఎవరూ నమ్మరు. బస్సంటే బండి కాదు, సమయం. సమయం తప్పిన బస్సు మాట తప్పిన మనిషి వంటిది. ఎదురుగా నిలబడినా నమ్మబుద్ధి కాదు. నమ్మకం పోయి జనం తగ్గారు. జనం తగ్గేసరికి వసూలు తగ్గింది. అప్పుడు లెక్కలు తీసి, "చూశారా, ఈ మార్గంలో ఆక్యుపెన్సీ లేదు" అన్నారు.

రోగికి పథ్యం మాన్పించి, పస్తులు పెట్టి, బరువు తగ్గాడు గనుక ఇక అన్నం దండుగ అన్నట్లున్నది ఈ తర్కం. న్యాయశాస్త్రంలో దీనిని అన్యోన్యాశ్రయ దోషం అంటారు. బస్సు లేదు గనుక జనం లేరు, జనం లేరు గనుక బస్సు లేదు. విద్యార్థి ఇలా వ్రాస్తే సున్నా మార్కులు వేస్తాము. అధికారి వ్రాస్తే అమలు అవుతుంది.

2011లో మా బడిలో ఒక అమ్మాయి పదవ తరగతి మంచి మార్కులతో ప్యాసయింది. కూలిపని చేసుకునే కుటుంబం. తండ్రికి పిల్లను పట్టణంలో చదివించాలని ఉన్నది గాని భయం. నేను వారి ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చొని నచ్చజెప్పాను. "పొద్దున బస్సున్నది, సాయంత్రం ఏడున్నరకు బస్సున్నది. పాసు తీసుకుంటే ఖర్చు లేదు. భయమెందుకయ్యా?" అన్నాను. నా మాట మీద ఆయన పిల్లను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బైపీసీలో చేర్చాడు. మొదటి సంవత్సరం గడిచింది. రెండవ సంవత్సరం దసరా సెలవులు అయిన తరువాత ఏడున్నర ట్రిప్పు తీసివేశారు. ఆఖరి బస్సు నాలుగున్నరకు మారింది. ప్రయోగాల తరగతులు ఐదింటికి అవుతాయి. నెల రోజులు ఆ పిల్ల ఆటోలు మారి, మలుపు దగ్గర దిగి, రెండు కిలోమీటర్లు చీకట్లో నడచి ఇంటికి వచ్చింది. ఒక రోజు దారిలో ఎవరో వెంటబడ్డారు. మరునాటినుంచి తల్లి పంపలేదు.

ఏడాదిన్నర తరువాత పెళ్ళి చేశారు. నేనూ వెళ్ళి అక్షింతలు వేశాను. భోజనాల దగ్గర తండ్రి నా పక్కన కూర్చున్నాడు. ఆ మాటా ఈ మాటా అయిన తరువాత మెల్లగా, "బస్సుందన్నారు గదండీ మాస్టారూ" అన్నాడు. నిష్ఠూరం కాదు. తిట్టినా బాగుండేది.

టైముటేబులు ఒక వాగ్దానం. దానిని నమ్మి తండ్రులు పిల్లలను కాలేజీలో చేరుస్తారు, ఆడవాళ్ళు పట్టణంలో ఉద్యోగం ఒప్పుకుంటారు, ముసలివారు కంటి ఆపరేషనుకు తేదీ తీసుకుంటారు. ట్రిప్పు తీసివేసినవారు ఒక గీత కొట్టివేశామనుకుంటారు. ఆ గీత కింద ఎందరి నిర్ణయాలు ఉన్నాయో వారి కాగితంలో ఉండదు.

అర్జీ వ్రాసుకొని, నలుగురి సంతకాలు పెట్టించి, నేను డిపోకు వెళ్ళాను. అక్కడి అధికారి మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, అర్జీ ఆసాంతం చదివాడు. "మాస్టారూ, మీరు చెప్పింది నిజమేనండి. కాని ఆ రూటు లాసులో ఉంది. ట్రిప్పు తీసేయమని పైనుంచి వచ్చింది. నా చేతిలో లేదండి" అన్నాడు. అప్పుడు నాకు 1958 తీర్పు గుర్తుకు వచ్చింది. విన్నవాడు నిర్ణయించలేదు. నిర్ణయించినవాడు వినలేదు. కోర్టు ఏది ఉత్త తంతు అన్నదో అదే తంతులో నాకు టీ కూడా దొరికింది.

"లాసు" అనే మాట ఒకసారి చూద్దాము. నష్టము అంటే నశించినది, కనబడకుండా పోయినది. ఆ ఊళ్ళో కనబడకుండా పోయినది బస్సు. నష్టపోయినది ఊరు. అయినా "నష్టం" అనే మాటను సంస్థ తన పద్దులో వ్రాసుకున్నది. ఆ పిల్ల చదువు ఏ పద్దులోనూ లేదు. ఆ తెల్లవారి బండిలో పోలేక సగం ధరకు దళారికి అమ్మిన ఆకుకూరల లెక్క ఏ పద్దులోనూ లేదు.

ఇంకొక తమాషా ఉన్నది. మా డెల్టావారికి సులభంగా అర్థమయ్యే పోలిక చెబుతాను. ప్రధాన కాలువనుంచి పిల్లకాలువలు, పిల్లకాలువలనుంచి బోదెలు, బోదెలనుంచి మడులు. ఒక ఇంజనీరు వచ్చి, "ప్రధాన కాలువలో నీళ్ళు దండిగా ఉన్నాయి, బోదెలో జానెడు లోతు కూడా లేదు, బోదెలన్నీ నష్టం, పూడ్చివేయండి" అంటే ఏమంటాము? పల్లె బస్సు బోదె. ఆ బస్సులో పది రూపాయల దూరం వచ్చిన మనిషి పట్టణంలో దిగి విజయవాడకు ఎక్స్‌ప్రెస్సు ఎక్కుతాడు. ఎక్స్‌ప్రెస్సు టిక్కెట్టు డబ్బు ఎక్స్‌ప్రెస్సు ఖాతాలో పడుతుంది. అతనిని తీసుకువచ్చిన ఖర్చు మాత్రం పల్లె బస్సు ఖాతాలో పడుతుంది. కిలోమీటరుకు ఎంత వచ్చిందని రెండిటినీ ఒకే కొలతతో కొలిచి, ఒకదానికి హారం వేసి, ఇంకొకదాని పీక నులుముతారు.

బందరునే తీసుకోండి. 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చింది. 2015లో పట్టణం నగరపాలక సంస్థ అయింది. 2022లో జిల్లాను విడదీసినా కలెక్టరు కచేరీ ఇక్కడే నిలిచింది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తరగతులు మొదలైనాయి. సంతోషం. అయితే ఒక చిన్న నగరానికి ఇన్ని సంస్థలు ఇవ్వడం ఎవరి కొరకు? ఆ నగరంలో కాపురముండే నాలుగు పేటలవారి కొరకేనా? ఇటు పెడన, అటు చల్లపల్లి, అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక వైపు రోడ్డు దిగి లోపలికి పోతే ఉన్న ఊళ్ళ కొరకు కూడా గదా? సోమవారంనాడు కలెక్టరు కచేరీలో అర్జీలు తీసుకుంటారు. మా ఊరికి బస్సు లేదని అర్జీ పెట్టుకోవాలంటే అక్కడికి పోవాలి. పోవడానికి బస్సు కావాలి. వైద్యకళాశాల కట్టడానికి కోట్లు వెచ్చించి, రోగి అక్కడికి వచ్చే ఆఖరి ఇరవై కిలోమీటర్లను "నష్టం" అనడం, పెళ్ళికి పందిరి వేసి పెళ్ళికూతురిని తీసుకురావడానికి బండి దండుగ అనడం వంటిది.

నాకు ఎదురు వచ్చే మాటలు తెలుసు. ఒక్కొక్కటే చూస్తాను.

"ఇప్పుడు ఇంటింటికీ మోటారు సైకిలు ఉన్నది గదా" అంటారు. ఇంటికి ఒకటి ఉన్నది. ఇంటిలో ఐదుగురు ఉన్నారు. ఆ ఒక్కటీ పొద్దున మగవాడితో పోతుంది. మిగిలిన నలుగురిలో ఒకరు పదహారేళ్ళ పిల్ల, ఒకరు డెబ్బై ఏళ్ళ ముసలి. మోటారు సైకిలు ఇంటికి వచ్చినది గాని ఇంటిలోని అందరికీ రాలేదు.

"షేర్ ఆటోలు ఉన్నాయి" అంటారు. ఆటోవాడిని నేను నిందించను, అతనిది కూడా కడుపుకూడే. కాని ఆటో నిండితే కదులుతుంది, గంట కొడితే కదలదు. చీకటి పడితే తిరగదు, తిరిగినా అందరూ ఎక్కలేరు. విద్యార్థి పాసు చెల్లదు. పరిమితికి మించి మనుషులను కుక్కి, డ్రైవరుకు ఇటూ అటూ ఇద్దరిని కూర్చోబెట్టుకొని పోతుంటే, ప్రమాదం జరిగిన మరునాడు మనం పత్రికలో చదివి "పాపం" అంటాము. ఆ ఆటో ఎక్కించినది ఎవరు? రాని బస్సు.

"ఆడవారికి ఉచితం చేశారు గదా, ఇంకేమి కావాలి?" అంటారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9నుంచి, మన ఆంధ్రలో 2025 ఆగస్టు 15నుంచి స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు వంటి బస్సులలో గుర్తింపు కార్డు చూపితే సున్నా టిక్కెట్టు ఇస్తారు. దీనిని వెక్కిరించేవారితో నేను కలవను. బస్సు కిరాయికి భర్తను చేయి చాచే అవసరం ఒక ఇల్లాలికి తప్పితే అది చిన్న విషయం కాదు. కాని బస్సు రాని ఊరి ఆడదానికి ఉచితమైనది ఏమిటి? విస్తరి వేసి, వడ్డించకుండా, "భోజనం ఉచితం" అన్నట్లు గదా! సున్నా టిక్కెట్టు ఇవ్వడానికైనా బస్సు ఒకటి ఉండాలి. పైగా ఇక్కడ ఒక ప్రమాదమూ, ఒక అవకాశమూ ఉన్నాయి. పల్లె బస్సులో ఎక్కేవారిలో ఆడవారు ఎక్కువ. సంచిలో పడిన డబ్బును చూసి మార్గాన్ని తూచితే అవన్నీ చచ్చిన మార్గాల వలె కనబడతాయి. అదే సున్నా టిక్కెట్లను లెక్కపెట్టి మనుషులను తూచితే అవే బ్రతికిన మార్గాలు. ప్రభుత్వం ఆ టిక్కెట్ల సొమ్ము సంస్థకు చెల్లించే ఏర్పాటు ఉన్నది గనుక, ఇక ఆ మహిళను "నష్టం" అనడానికి వీలు లేదు. నాణేలను కాదు, తలలను లెక్కపెట్టండి.

"డీజిలు, జీతాలు, విడిభాగాలు – డబ్బెక్కడిది?" అంటారు. ఇది సరైన ప్రశ్న. ఉత్తినే నడపమని నేను అనను. సంస్థ ఉద్యోగులను 2020 జనవరి 1నుంచి ప్రభుత్వోద్యోగులుగా తీసుకున్నారు. అంటే ఇది వ్యాపారం మాత్రమే కాదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లు. బడి నష్టంలో ఉన్నదని ఎవరూ అనరు. పోస్టుమేను నడిచిన దూరానికి ఎన్ని ఉత్తరాలు వచ్చాయని ఎవరూ భాగించరు. పల్లె మార్గాలకు అయ్యే లోటు ఎంతో లెక్కకట్టి, దానిని సామాజిక ఖర్చు అని పేరు పెట్టి, బడ్జెటులో బహిరంగంగా చూపి చెల్లించండి. అప్పుడు అధికారికి ట్రిప్పు కోయవలసిన అగత్యం ఉండదు, ప్రజలకు తమ డబ్బు ఎటు పోయిందో తెలుస్తుంది.

ఇక నా తప్పు. 1998లో నేను స్కూటరు కొన్నాను. ఊళ్ళో నలుగురు ఉపాధ్యాయులము, ఆయుర్వేద డాక్టరుగారు, పోస్టుమాస్టరుగారు – ఏడెనిమిదేళ్ళలో అందరమూ బండ్లు కొన్నాము. కొనడం తప్పు కాదు. కాని అంతవరకు బస్సు అరగంట ఆలస్యమైతే కంట్రోలరు గదికి వెళ్ళి నిలదీసినవారము మేమే. ఆలస్యాన్ని పుస్తకంలో వ్రాయించినవారము మేమే. మేము దిగిపోయిన తరువాత ఆ బస్సులో అర్జీ వ్రాయగలిగినవాడు లేడు. నైట్ హాల్టు పోయిననాడు "అయ్యో" అన్నాను, స్కూటరు తన్ని ఇంటికి వెళ్ళాను. ఏడున్నర ట్రిప్పు పోయి, ఆ పిల్ల చదువు ఆగిన తరువాత అర్జీ వ్రాశాను. అర్జీ మంచి తెలుగులోనే ఉన్నది. పదేళ్ళు ఆలస్యంగా ఉన్నది. రోడ్డు రవాణాను చంపినది అధికారులు మాత్రమే కాదు. బస్సు దిగి వెనక్కి చూడని మనము కూడా.

కనుక ఊరికే వాపోయి ముగించను. నేను కోరేవి నాలుగు.

ఒకటి. ఏ ఊరి ట్రిప్పు తీసివేయాలన్నా, మార్చాలన్నా, 30 రోజుల ముందు పంచాయతీ కచేరీలోనూ బస్సు షెల్టరులోనూ కాగితం అంటించండి. యజమానికి ఇచ్చిన గడువే ప్రయాణికుడికీ ఇవ్వండి.

రెండు. గ్రామసభలో అభ్యంతరాలు వినండి. విన్నవారే నిర్ణయించండి. నిర్ణయించే అధికారి ఆ సభకు ఆ బస్సులోనే రావాలి. కారులో వస్తే ఆ విచారణ చెల్లదని నా తీర్పు.

మూడు. పగటి ట్రిప్పులు అటూ ఇటూ చేయవలసివస్తే చేయండి గాని ప్రతి ఊరికీ మొదటి బస్సును, ఆఖరి బస్సును ముట్టుకోకండి. మొదటి బస్సు లేనివాడు పనికి పోలేడు, ఆఖరి బస్సు లేనివాడు తిరిగి రాలేడు. ఆఖరి బస్సులో నలుగురే ఎక్కవచ్చు. ఆ బస్సు ఉన్నదనే ధైర్యంతోనే పొద్దున నలభైమంది బయలుదేరారు.

నాలుగు. కాలేజీ వదిలే వేళ, ఆసుపత్రిలో ఓపీ చీటీలు ఇచ్చే వేళ, కచేరీ తెరిచే వేళ చూసి టైముటేబులు కట్టండి. కట్టినదానిని ప్రతి స్టేజీలోనూ తెలుగులో పెయింటుతో వ్రాయించండి. గోడ మీద పెయింటుతో వ్రాసిన మాటను చెరపడానికి కొంచెమైనా సిగ్గు పడతారు.

ఇవేవీ కోట్లు కోరే కోరికలు కావు. మొదటి రెండిటికి కావలసినది ఒక కాగితం, కొంచెం జిగురు, ఒక పూట.

ఇది చదివే మిత్రులలో చాలామంది ఊళ్ళు విడిచి ఎక్కడెక్కడో ఉన్నారు. ఈసారి మీ ఊరికి వెళ్ళినప్పుడు కారులో తిన్నగా ఇంటి ముందు దిగకండి. ఒక్కసారి పట్టణంలో బస్టాండుకు వెళ్ళి, మీ ఊరి పేరు చెప్పి, ఆఖరి బస్సు ఎన్నింటికని అడగండి. వచ్చిన జవాబును మీ జ్ఞాపకాల టపా కింద ఒక వాక్యంగా వ్రాయండి. ఆ వాక్యాలు వంద పోగైతే అది మనమందరము కలిసి వ్రాసిన అర్జీ అవుతుంది. ఈసారి ఆలస్యం చేయకుండా వ్రాసిన అర్జీ అవుతుంది.

బస్సు అంటే "కొఱకు". ప్రత్యయం ఒంటరిగా అర్థమివ్వదని మొదటి తరగతి వ్యాకరణం. దాని ముందు ఎవరో ఒకరు నిలబడాలి. ఆ కాలువ చివరి ఊళ్ళో షెల్టరు ఇంకా ఉన్నది. సాయంత్రాలు అక్కడ ఎవరో ఒకరు నిలబడే ఉంటారు.

స్వస్తి.